మచ్చ ఆగిపోయిన నాలుగో ఆకు

హూడి గోపాలప్ప జీతం పుచ్చుకుని చేసిన పని ఒక్కటే: బాగున్న మొక్కకు జబ్బు అంటించడం. వినడానికి పాపిష్టి పనిలా ఉంటుంది గానీ, ఆ పని చేసేవాడు లేకపోతే ఏ మొక్కకు జబ్బును తట్టుకునే శక్తి ఉందో ఎంత చదివినవాడికీ తెలియదు. బెంగళూరు ఉత్తరపు కొసన ఉన్న ఆ పరిశోధనాలయంలో పెద్ద చదువుల వాళ్ళు యాభైమంది ఉండేవాళ్ళు. జబ్బును ఆకు మీద సమంగా రుద్దగలిగిన చెయ్యి మాత్రం అతనొక్కడిదే.

బెంగళూరు తూర్పు కొసన ఉన్న హూడి ఆ రోజుల్లో ఇంకా ఊరే. తాతల కాలంలో వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం మాట్లాడుకుంటూ కూరగాయలు పండించుకునేవి. గోపాలప్ప వాళ్ళది మిరపతోట. మూడేళ్ళు వరసగా మచ్చ తెగులు పట్టి తోట తోటంతా పీకి పారెయ్యాల్సి వచ్చాక, 1984లో అతను రెండు బస్సులు మారి వెళ్ళి గ్రీన్‌హౌస్ పనివాడిగా చేరాడు. తన తోటను తిన్న తెగులును అక్కడ గాజు సీసాలో పెట్టి, పేరు రాసి, మంచుపెట్టెలో దాచుకోవడం మొదటి రోజే చూశాడు. పాముకు పాలు పోసి పెంచుతున్నారే అనుకున్నాడట.

తర్వాత ఆ పాలు పోసే పని అతనికే వచ్చింది. జబ్బు ఆకులను కల్వంలో వేసి చల్లటి ద్రావణం పోసి నూరాలి. బాగున్న ఆకు మీద బూడిదరంగు గరుకు పొడి సన్నగా చల్లాలి. ఆ పొడి కంటికి కనిపించని గీతలు గీస్తుంది, ఆ గీతల్లోంచే జబ్బు లోపలికి పోతుంది. ఆకు కింద ఎడమ అరచెయ్యి ఆనించి, నూరిన రసంలో ముంచిన చూపుడు వేలితో కాడ నుంచి కొస దాకా ఒకే ఒత్తిడితో రుద్దాలి. గట్టిగా రుద్దితే ఆకు కమిలి చస్తుంది, మెత్తగా రుద్దితే జబ్బు అంటదు. ఈ రెంటికీ నడుమ ఉన్న సన్నటి దారి గోపాలప్ప వేలికి తెలుసు. బీడీలో ఉండే పొగాకు నుంచి వేరే తెగులు చేతికంటి మొక్కకు పాకుతుందని అక్కడివాళ్ళు చెప్పిన రోజునే అతను బీడీ మానేశాడు. పెళ్ళాం మునిరత్నమ్మ పదేళ్ళు పోరినా మాననివాడు మొక్క కోసం మానాడని ఆవిడ చచ్చేదాకా దెప్పుతూనే ఉంది.

1997లో అనసూయ అనే మదనపల్లె అమ్మాయి అక్కడ పరిశోధన చేస్తుండేది. ఆమె చూస్తున్నది మిరపను చంపే ఆ మచ్చ తెగులునే. మిరప మొండిది, కొత్త గుణం ఎక్కించడం కష్టం. అదే తెగులు పొగాకుకూ అంటుకుంటుంది, అందుకని పరీక్ష పొగాకు మీద. ఆ తెగులు తెచ్చే వైరస్ అంటే ఏమిటని గోపాలప్ప అడిగితే ఆమె, ఒక రాత, దాని మీద ఒక చొక్కా, అంతకుమించి ఏమీ లేదని చెప్పింది. ఆ చొక్కా కుట్టే రాతను మాత్రం కత్తిరించి తెచ్చి పొగాకు మొక్కలో పెట్టింది. మొక్కే ఆ చొక్కాలు కుట్టి నింపుకుంటే, వచ్చిన వైరస్ లోపల తన చొక్కా విప్పుకోలేక చిక్కుపడుతుందని వాళ్ళ లెక్క.

అలా తయారుచేసిన మొక్కల్లో ఏడో నంబరు చెడిపోయింది. రాత ఎక్కింది గానీ, మొదట్లోనే ఒక అక్షరం తప్పు పడి, కుట్టుపని మొదలవుతూనే ఆగిపోయేది. చొక్కా లేదు కాబట్టి కాపుదలా ఉండదు. పారేద్దామనుకుని, మిగతావాటితో పోల్చుకోవడానికి పనికొస్తుందని ఆమె ఒక ట్రే ఉంచింది.

జూన్‌లో గోపాలప్ప అన్ని ట్రేలకూ రుద్దాడు. ట్రేకు కుండీల్లో పన్నెండు మొక్కలు, మొక్కకు కింది ఆకులు రెండు. రిజిస్టరులో తేదీ వేసి సంతకం పెట్టాడు. మర్నాడు తల్లికి ఆపరేషనని అనసూయ ఊరికి పోయింది. ఆమెకు గైడు అయిన రాజగోపాల్ సార్ ఢిల్లీ మీటింగుల్లో పడ్డాడు. నాలుగు వారాలు గ్రీన్‌హౌస్ గోపాలప్ప చేతిలో ఉంది.

పదో రోజుకు మచ్చలు మొదలయ్యాయి. ఏ రాతా ఎక్కించని మామూలు పొగాకులోనూ, ఏడో నంబరులోనూ ఒక్క తీరుగా వచ్చాయి. రుద్దిన ఆకులకు పైన కొత్తగా వచ్చినవి మొదటిది, రెండోది, మూడోది చారలు తేలి ముడుచుకుపోయాయి. సరిగ్గా ఇక్కడే అతని చెయ్యి అతని మాట వినలేదు. హూడి తోటల్లో పొద్దున్నే మడిలోకి దిగినవాడు జబ్బాకు కనిపిస్తే తుంచకుండా గట్టెక్కడు. ఎవరి మడి అన్నది కూడా చూడరు. పిల్ల తలలో పేను కనిపిస్తే తల్లి చెయ్యి ఊరుకుంటుందా, అలాంటిదే. ప్రయోగం మొక్కల ఆకు ముట్టరాదని గ్రీన్‌హౌస్ తలుపు మీద బోర్డు ఉంది. పదమూడేళ్ళు ఆ బోర్డుకు అతను దండం పెట్టే బతికాడు. ఆ ఏడు వాన ముసురు పట్టి, జబ్బాకులు కుండీల మట్టి మీదికి వాలి కుళ్ళబోతుంటే, చూసి చూసి తుంచేశాడు. రెండు ట్రేల్లోనూ తుంచాడు. తుంచినవాటిని ఆవిరి పెట్టెలో వేసి ఉడికించాడు, ఎందుకంటే జబ్బాకు బయటికి పోకూడదని రూలు. రూలు తప్పి చేసిన పనిని కూడా రూలు ప్రకారమే ముగించే మనిషి.

ఆ తర్వాత జరిగింది అతను ఎన్నడూ చూడనిది. మామూలు పొగాకులో పైకొచ్చిన ప్రతి ఆకూ మచ్చతోనే వచ్చింది. ఏడో నంబరులో నాలుగో ఆకు విప్పుకున్నప్పుడు కొస వైపు సగం మచ్చలున్నాయి, కాడ వైపు సగం నున్నగా ఉంది. మధ్యలో గీత గీసినట్టు జబ్బు ఆగిపోయింది. ఐదో ఆకు చిన్నపిల్ల చెంపలా వచ్చింది. ఆరోదీ అంతే. అతను ఒక్కో కుండీ ముందూ కూర్చుని పన్నెండూ చూశాడు. పన్నెండూ అంతే.

తన చేతి చలవేనని ఒక పూట మురిశాడు. చెడ్డాకు తుంచితే మంచాకు వచ్చిందనుకున్నాడు. కానీ అదే చేత్తో పక్క ట్రేలోనూ తుంచాడు కదా, అది ఎందుకు బాగుపడలేదు? అలా తనను తాను ప్రశ్నించుకున్నాక అతనికి మురిపెం పోయి భయంలాంటిది కలిగింది. తెగులు పట్టిన మిరపచెట్టు తిరిగి లేవడం అతను గానీ అతని నాయన గానీ ఏనాడూ చూడలేదు. పట్టిందంటే పీకెయ్యడమే. ఇక్కడ ఒక మొక్క జబ్బున పడింది, లోపల ఏదో చేసుకుంది, లేచి నిలబడింది. మందు లేదు, మాకు లేదు. అలవాటుగా ఆ సగం మచ్చల ఆకులను కూడా తుంచేశాడు.

నాలుగు వారాలకు ఇద్దరూ తిరిగొచ్చారు. చూస్తే ఏడో ట్రే మొక్కలు నిగనిగలాడుతున్నాయి. ఎక్కడా మచ్చ లేదు. రాజగోపాల్ సార్ చెడ్డవాడు కాదు. కాకపోతే లెక్క తప్పడం కంటే మనిషి తప్పడం సులువని నమ్మినవాడు. చొక్కా లేని మొక్కకు జబ్బు రాకుండా ఉండే ప్రసక్తి లేదు. రాలేదంటే రుద్దలేదు. అక్కడికక్కడే తేల్చేశాడు.

“ఏడో ట్రే మరిచిపోయి సంతకం పెట్టేశావు, అంతే కదా గోపాలప్పా? ఒప్పుకో. బయట తోటపనికి మారుస్తాను, జీతం అదే ఉంటుంది. సోమవారం వచ్చి చెప్పు” అన్నాడు. గ్రీన్‌హౌస్ తాళంచెవి తీసుకున్నాడు. ఆ ట్రే ఎలాగూ పనికిరానిది కాబట్టి, మొక్కలనూ దాచిన విత్తనాన్నీ సోమవారమే ఉడికించి పారెయ్యమని అనసూయతో అన్నాడు.

గోపాలప్ప బస్సెక్కాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రుద్దలేదని అబద్ధం చెబితే చిన్న తప్పు, తోటపనితో పోతుంది. రుద్దానని నిజం చెప్పాలంటే ఆకులు తుంచిన సంగతీ చెప్పాలి. ఒక అమ్మాయి మూడేళ్ళ పనిని పాడుచేసినవాడిని ఎవరు ఉంచుకుంటారు? మునిరత్నమ్మకు అంతా చెప్పాడు. ఆవిడకు సందేహమే లేదు.

“మరిచిపోయినా అని చెప్పప్పా. మతిమరుపు ఎవరికి లేదు? ఆకు తుంచినానంటే కూడే పోతాది” అంది.

ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఇద్దరు పిల్లలు బళ్ళో ఉన్నారు, తోట అన్నల చేతికి పోయింది. శనివారం, ఆదివారం అతను ఆ మాట నోట్లో తిప్పుకుంటూనే ఉన్నాడు. సోమవారం అందరికంటే ముందు పోయి, తాళంచెవి లేదు కనుక గ్రీన్‌హౌస్‌కు కట్టిన వల బయటే నిలబడి లోపలికి చూశాడు. ఏడో ట్రేలో ఎనిమిదో ఆకు విప్పుకుంటోంది. పక్కన ఉడికించడానికి సిద్ధంగా సంచులు పెట్టి ఉన్నాయి. అక్కణ్ణుంచి తిన్నగా సార్ గదికి వెళ్ళాడు. అనసూయ కూడా అక్కడే ఉంది.

“సార్, నేను రుద్దింది నిజం. జబ్బు వచ్చింది నిజం. ఆ ఆకులు తుంచేసింది నేనే” అన్నాడు.

రాజగోపాల్ సార్‌కు కోపం రాబోతుంటే ఆశ్చర్యం అడ్డొచ్చింది. తప్పించుకోవడానికి చిన్న తప్పు చూపిస్తే, పెద్ద తప్పు నెత్తిన వేసుకుంటున్న మనిషిని ఆయన ఇంతకుముందు చూసి ఉండడు. ఎన్ని ఆకులని అనసూయ అడిగింది.

“రుద్దిన రెండూ గాక పైన నాలుగమ్మా. మూడింట్లో నిండా మచ్చే. నాలుగోదాంట్లో కొస పక్క సగం ఉండె, కాడ పక్క లేదు. ఐదోదాంట్లో ఏమీ లేదు. పన్నెండు చెట్లూ అట్లనే.”

ఆమె అది తన నోటుబుక్కులో రాసుకుంది. సార్ నమ్మలేదు. నమ్మకుండా ఉండటానికి ఆయనకు బలమైన కారణాలున్నాయి, అవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. కానీ విత్తనం పారెయ్యొద్దని అనసూయ పట్టుబట్టింది. విదేశాల్లో ఎక్కడో ఇలాంటిదే జరిగినట్టు చదివానని, నిజం తేలకుండా పారేస్తే తనకు నిద్రపట్టదని అంది. చివరికి మళ్ళీ చేద్దామన్నాడాయన. తేలేదాకా గోపాలప్ప గ్రీన్‌హౌస్ గడప తొక్కకూడదు, ఈసారి రుద్దేది తానే అన్నాడు.

విత్తనం వేసి, మొలిచి, రుద్దే వయసు రావడానికి ఆగస్టు దాటింది. సార్ కోటు చేతులు మడిచి ఏడో నంబరు పన్నెండు మొక్కలకూ స్వయంగా రుద్దాడు. చదువు బరువో, పదవి బరువో, ఆయన చెయ్యి బరువు. మూడు మొక్కల ఆకులు మర్నాటికే కమిలి ఎండిపోయాయి. తొమ్మిది మిగిలాయి. బయట క్రోటన్లకు నీళ్ళు పోస్తున్న గోపాలప్పకు ఈ సంగతి తెలిసి, ఆ రోజంతటిలో ఒక్కసారి నవ్వు వచ్చింది.

ఆ తర్వాత నవ్వే లేదు. రోజులు లెక్కపెట్టుకున్నాడు. పదో రోజు మచ్చ వచ్చి ఉంటుంది. పద్నాలుగు, రెండో ఆకు. లోపలికి చూడటానికి వీల్లేదు, అడగటానికి నోరు రాదు. ఉద్యోగం సంగతి అలా ఉంచితే, ఇంకొక భయం అతన్ని తొలిచింది. ఈసారి మచ్చ ఆగకపోతే? తాను చూసింది కల అయితే? పదమూడేళ్ళు మొక్కలకు జబ్బు రుద్దిన చేతికి ఒక్కసారి ఆ అద్భుతం కనిపించింది. అది తప్పని తేలితే ఉద్యోగం ఉన్నా తనకు ఏమీ మిగలదనిపించింది.

ఇరవయ్యారో రోజు అనసూయ వచ్చి పిలిచింది. మొహం చూస్తే ఏమీ తెలియలేదు. లోపల సార్ బల్ల ముందు వంగి ఉన్నాడు. ఆకు ముట్టకుండా పెన్సిలు కొసతో కింద నుంచి లెక్కపెడుతున్నాడు. రుద్దిన ఆకులు రెండు. పైన మచ్చలు నిండినవి ఒకటి, రెండు, మూడు. నాలుగోది కొస సగం మచ్చలు, కాడ సగం పచ్చ. ఐదోది శుభ్రం. పెన్సిలు పక్క మొక్కకు జరిగింది. ఒకటి, రెండు, మూడు, నాలుగోది సగం. అలా తొమ్మిది మొక్కలూ అయ్యాయి. ఒకే కాండం మీద కింద రోగం, పైన ఆరోగ్యం. ఆ రెంటికీ మధ్య సరిహద్దు ఒక ఆకు నడిమధ్య నుంచి పోతోంది. ఈసారి ఎవరూ ఏ ఆకూ తుంచలేదు కాబట్టి కథంతా కింద నుంచి పైకి రాసి ఉంది, చదువుకోవడమే తరువాయి.

సార్ నడుము నిటారు చేసి అనసూయ నోటుబుక్కు అడిగి తీసుకున్నాడు. గోపాలప్ప మాటలు రాసిన పుట చూసుకున్నాడు. తర్వాత ఆ గరుకు పొడి డబ్బా, కల్వం అతని ముందుకు జరిపాడు.

“ఆ పైనున్న మంచి ఆకులకు కూడా రుద్దు. నీ చేత్తో రుద్దు” అన్నాడు.

గోపాలప్ప రుద్దాడు. ధైర్యమంతా కూడగట్టుకుని, మనసులో క్షమించమని చెప్పుకుంటూ, సమంగా రుద్దాడు. అదే రోజు అదే రసంతో మామూలు పొగాకుకూ రుద్దాడు. మామూలు పొగాకు మీద పదకొండో రోజుకు మచ్చ తేలింది. ఏడో నంబరు మీద మూడు వారాలైనా చుక్క పడలేదు. ఆ మొక్కకు ఇక ఆ జబ్బు ఎప్పటికీ అంటదు.

ఏం చేసుకుంది అది లోపల? అనసూయ నెలల తరబడి పరీక్షలు చేసి అతనికి చెప్పింది. మొక్క తన పనులన్నిటికీ చీటీలు రాసుకుని పంపుతుందట. ఆమె ఎక్కించిన రాత నుంచి కూడా చీటీలు పుట్టేవి, తప్పు అక్షరం వల్ల చొక్కా మాత్రం కుట్టబడేది కాదు. వైరస్ వచ్చి తన చీటీలు లక్షలుగా రాసి పోసేసరికి, ఒకే రాత ఇన్నిసార్లు ఎక్కడిదని మొక్కకు అనుమానం వచ్చింది. ఆ రాత ఉన్న చీటీ ఎక్కడ కనిపిస్తే అక్కడ చింపడం మొదలుపెట్టింది. వైరస్‌వీ చింపింది, తన సొంతవీ చింపింది. శుభ్రమైన ఆ పై ఆకుల్లో రెండూ లేవు. మాట్లాడుతున్న రాత నోరు మూయించిందన్నమాట. చొక్కాతో పనే లేకపోయింది. పనికిరాదని పక్కన పెట్టిందే అసలు సంగతి చెప్పింది.

“కండ్లు లేవు, చెవులు లేవు, చదువు యాడ నేర్చిందమ్మా?” అని గోపాలప్ప అడిగాడు. అది ఇంకా ఎవరికీ తెలియదని అనసూయ ఒప్పుకుంది. మరి రెండు మూడేళ్ళకు, చింపిన ముక్కలను కూడా మొక్క పారెయ్యదనీ, చిన్న చిన్న తునకలుగా దాచుకుని, అవి చూసే దొంగ రాతను పోల్చుకుంటుందనీ లోకంలో తెలిసింది. అప్పటికి ఆమె పట్టా పుచ్చుకుని వేరే ఊళ్ళో ఉద్యోగం చేస్తోంది. ఆ సంగతి చెప్పడానికి పనిగట్టుకుని ఫోను చేసింది. గోపాలప్ప ఫోను పెట్టేసి ఏడో నంబరుకు నీళ్ళు పోయడానికి పోయాడు. ఆ పొగాకు వల దాటి ఏ పొలానికీ పోలేదు, పోకూడదు కూడా. ప్రతి పంటా అయ్యాక దాన్ని ఆవిరి పెట్టెలో వేసి ఉడికించేది అతనే. వేసే ముందు ప్రతిసారీ చెయ్యి కడుక్కునేవాడు.

2003లో రాజగోపాల్ సార్ రిటైరయ్యాడు. హూడి మిరపతోటల్లో అప్పటికి గాజు గోడల ఆఫీసులు లేస్తున్నాయి. దండలు, ఫొటోలు అయ్యాక ఆయన రెండు కప్పుల కాఫీతో గ్రీన్‌హౌస్‌కు వచ్చి, కుండీల పక్క సిమెంటు అరుగు మీద గోపాలప్పను తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. చేరిన ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చోవడం అదే మొదలు. ఆరేళ్ళుగా అడగాలనుకుంటున్నానని, మొహమాటపడి ఆగిపోయానని సార్ అన్నాడు.

“ఆ రోజు మరిచిపోయానని ఒక్క ముక్క అంటే సరిపోయేది. నీ ఉద్యోగం నిలిచేది. ఆకులు తుంచిన సంగతి ఎప్పటికీ బయటపడేది కాదు. ఎందుకు చెప్పావు గోపాలప్పా?”

గోపాలప్ప కాఫీ కప్పు కింద పెట్టాడు.

“నేను రుద్దలేదని మీరంటే ఊరుకుంటును సార్, నాకేం పోయింది. ఆ చెట్టుకు జబ్బే రాలేదని అనిరి. అది పడి లేసింది నేనొకడినే చూసినాను. నేను గూడా లేదనేస్తే దానికి ఇంక సాక్షి ఎవరుండారు సార్?”